జామకాయా? కషాయమా?

వానలు మొదలయ్యాక ఇంట్లో ఒకరు తుమ్మితే చాలు, పొయ్యి మీద కషాయం మరుగుతుంటుంది. మిరియాలు, శొంఠి, తులసి, దాల్చినచెక్క... 2020లో కరోనా వచ్చినప్పుడు ఆయుష్‌ శాఖ ఇలాంటి కషాయాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు తాగమంది. మనలో చాలామంది నాలుగైదుసార్లు తాగాం. కడుపులో మంట పుడితే గానీ ఆపలేదు!

అందుకే ఒక సంగతి ముందే అనుకుందాం. మీరు తినే ఏ ఆకూ, ఏ పండూ ఒంట్లో చేరిన వైరస్‌ను నేరుగా చంపదు. పసుపులోని కర్‌క్యుమిన్‌ ప్రయోగశాలలో కొన్ని వైరస్‌లను అడ్డుకుంటుంది, నిజమే. కానీ మనం తిన్న పసుపులోంచి అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. వైరస్‌తో పోరాడేది మన రక్షణ వ్యవస్థే. దానికి కావాల్సిన సరకులు అందించటమే ఆహారం పని.

వైరస్‌ దాడి చేసినప్పుడు తెల్లరక్తకణాలు కొద్దిరోజుల్లోనే పెద్దసంఖ్యలో పుట్టుకురావాలి. ఇందుకు ప్రొటీన్‌, జింక్‌, ఫోలేట్‌ కావాలి. యాంటీబాడీలూ ప్రొటీన్లే. ఇక ముక్కు, గొంతు, పేగుల లోపలి పొరలు వైరస్‌కు ఎదురయ్యే మొదటి గోడ. ఇవి దృఢంగా ఉండాలంటే విటమిన్‌ ఎ తప్పనిసరి. ఇది లోపించిన పిల్లలకు తట్టు వస్తే చూపు పోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే 9 నెలల వయసులో తట్టు టీకాతో పాటే విటమిన్‌ ఎ ద్రావణమూ పట్టిస్తారు. తోటకూర, మునగాకు, క్యారెట్‌, బొప్పాయిలోని బీటా కెరొటిన్‌ మన ఒంట్లో విటమిన్‌ ఎగా మారుతుంది. కూరలో కాస్త నూనో నెయ్యో ఉంటేనే ఇది ఒంటపడుతుంది. నూనె చుక్క లేకుండా ఆకుకూరలు ఉడికించి పెట్టేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

జామను చిన్నచూపు చూడొద్దు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు మగవారికి 80 మిల్లీగ్రాములు, ఆడవారికి 65 మిల్లీగ్రాముల విటమిన్‌ సి అవసరం. 100 గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ఉసిరిలో ఇంకా ఎక్కువ. బండి మీద అమ్మే జామకాయను వదిలేసి, అంతకు ఎన్నో రెట్లు ధర పెట్టి కివీ పండ్లు కొనటమెందుకో అర్థం కాదు.

అలాగని విటమిన్‌ సి మాత్రలు డబ్బాలకొద్దీ కొనాల్సిన పనీ లేదు. ఎన్నో పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, రోజూ మాత్రలు వేసుకున్నా మామూలు మనుషులకు జలుబు రావటం తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా తగ్గింది. అంటే వారం రోజుల జలుబు పెద్దల్లో ఓ పూట, పిల్లల్లో ఓ రోజు ముందు తగ్గుతుందన్నమాట. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ లాభమూ స్పష్టంగా కనిపించలేదు.

వేడి తగిలితే విటమిన్‌ సి తగ్గిపోతుంది. నీటిలోనూ కరిగిపోతుంది. కాబట్టి ఆకుకూరలను కడిగాకే తరగండి. పులిహోరకైనా, పప్పుకైనా పొయ్యి మీంచి దించాకే నిమ్మరసం పిండండి. ఆకుకూరలోని ఐరన్‌ను ఒళ్లు గ్రహించుకోవటానికీ ఇది తోడ్పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఈ మేలు చాలావరకు పోతుంది.

పప్పులు, శనగలు, నువ్వుల్లో జింక్‌ ఉంటుంది గానీ ఫైటేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి. నానబెట్టినా, మొలకెత్తించినా, పులియబెట్టినా వీటి పట్టు సడలుతుంది. ఇడ్లీ పిండి, పెసర మొలకలు చేసేది ఇదే. పూర్తి శాకాహారులకు బి12 కోసం పాలు, పెరుగు తప్పవు.

జ్వరం వచ్చినప్పుడు

'లంఖణం పరమౌషధం' అంటూ పిల్లలను పస్తు ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. జ్వరంలో ఒళ్లు మామూలు కన్నా ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. ఆకలి లేదంటే బలవంతం చేయొద్దు. కానీ గంజి, పల్చటి పప్పన్నం, ఇడ్లీ, మజ్జిగ కొద్దికొద్దిగా ఇస్తూనే ఉండాలి.

డెంగీ అనుమానం ఉంటే బొప్పాయి ఆకు రసం కోసం తిరుగుతూ కాలయాపన చేయొద్దు. డెంగీలో అసలు ముప్పు రక్తనాళాల్లోంచి ద్రవం బయటకు లీకవటం. ఇది తరచూ జ్వరం తగ్గుతున్నప్పుడే మొదలవుతుంది. జ్వరం దిగిందని మనం ఊపిరి పీల్చుకునే సమయమిదే! ఆగకుండా వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తిప్పతీగ విషయంలోనూ జాగ్రత్త. దీన్ని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు ముంబయి వైద్యులు 2021లో వెల్లడించారు. ఆయుష్‌ శాఖ దీన్ని ఒప్పుకోలేదు. ఏదేమైనా కాలేయ జబ్బు ఉన్నవారు, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే సమస్య గలవారు డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

జ్వరం తగ్గాక పిల్లలు చిక్కి కనిపిస్తారు. ఓ రెండు వారాల పాటు వారికి రోజూ ఒక పూట అదనంగా పెట్టండి. నెయ్యి వేసిన పప్పన్నం, గుడ్డు, అరటిపండు, ఏదైనా సరే.