సంఘపు బండికి పట్టిన తుప్పు

ఆకు పండువరకు ఆగక, మొక్క వాడుముఖము పట్టిన నాడే వేరు త్రవ్వి చూడవలెనని మేము ఈ పత్రికలో పలుమారు వ్రాసియున్నాము. ఈ నెల పంటను విడిచి, పంటను మోయు బండిని గూర్చి వ్రాయుచున్నాము. ఏలయనగా, మీకు చెప్పిన మాటను మేమే మరచిన సందర్భమొకటి తటస్థించినది.

మేము తరచుగా పోవుచుండు తీరగ్రామములలో నొకదాని సహకార సంఘమునకు 14 ఏండ్లనాటి పికప్ బండి యొకటి కలదు. ఎరువులు, వడ్లు, విత్తనములు దానిమీదనే వచ్చును, పోవును. వేసవిలో చినగంజాము ఉప్పుమళ్ళనుండి ఉప్పును, తక్కిన దినములలో చెరువుల రొయ్యలను మంచుగడ్డలతో సహా బాడుగకు మోసెడిది. సంక్రాంతికి ముందు దానికి క్రొత్తరంగు వేయించిరి. బండి పెండ్లికొడుకువలె నుండెను. మేమును చూచి, దీని ఆయువు పదేండ్లు పెరిగినదని కమిటీవారిని మెచ్చుకొంటిమి.

మృగశిరకార్తె దాటిన పిమ్మట 45 కిలోల యూరియా బస్తా వీపున నెత్తుకొన్న హమాలీ తొట్టిలో నడుచుచుండగా, నేల రేకు విరిగి, అతని కాలు పిక్కవరకు దిగబడెను. రేకు అంచు కత్తివలె కోసినది. ఆసుపత్రికి కొనిపోయి కుట్లు వేయించి, ధనుర్వాతపు సూది వేయించవలసి వచ్చెను. నలుబది దినములు అతనికి కూలి లేదు. సంఘమువారు కొంత సొమ్మిచ్చిరి గాని, ఆ రంగును మెచ్చుకొన్న మాకు అతని యింటికి పోవుటకు మొగము చెల్లలేదు.

ఆ మరునాడు బండి క్రింద పరుండి చూచితిమి. పైన మెరయుచున్న రేకు అడుగుప్రక్క పొరలు పొరలుగా విచ్చుకొనియుండెను. రంగు వేసినవాడు పాతతుప్పును గీకక, చిల్లులలో లప్పము కూరి, దానిమీద రంగు పూసినాడు. అంతకంటె భయము గొల్పినది వెనుక చక్రములకు పోవు బ్రేకు గొట్టము. వ్రేలితో రాచినంతనే పెళ్ళలు రాలినవి. అది త్రోవలో పగిలియుండిన మాట యేమి?

తుప్పు పని చేయు విధమును కొంచెము తెలిసికొనవలెను. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కూడినచోట తుప్పు పుట్టును. నీటిలో ఉప్పు కలిసినచో ఆ నీటిగుండ విద్యుత్తు సులువుగా ప్రవహించును గనుక పని వేగిరపడును. రేకుమీద తడిబురద అంటియున్నప్పుడు, బురద క్రింద ప్రాణవాయువు తక్కువగా నుండి, అచ్చటనే ఇనుము ఎక్కువగా కరగుచుండును. కావుననే తుప్పు మనకు కనబడని తావున బలియును. మరియు తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎన్నో రెట్లు చోటాక్రమించును. అందుచేతనే రంగు బొబ్బలెక్కును. బొబ్బ చిన్నదని ఉపేక్షింపరాదు. అది చిట్లినపుడు చూడుడు, లోపలి గాయము దానికి రెండు మూడింతలుండును.

ఉప్పుతో మాకేమి పని, మేము ఎరువులే మోయుదుమని మెట్టప్రాంతపు రైతులు కొందరనవచ్చును. పొటాషు ఎరువుగా మీరు వాడు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ క్లోరైడు లవణమే, వంటయుప్పునకు చుట్టము. అమ్మోనియం సల్ఫేటు సైతము రేకునకు శత్రువే. యూరియా గాలిలోని చెమ్మను పీల్చి, చిందినచోట తడి నిలుపును. చిల్లుపడిన బస్తానుండి రాలిన పిడికెడు ఎరువు తొట్టి మూలలో వానకారంతయు నుండిన చాలును.

ఢిల్లీలోని ఇనుపస్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండకు వానకు నిలిచియున్నది గదా యని ఒక వృద్ధరైతు మమ్మడిగెను. మంచి ప్రశ్నయే. ఆ ఇనుములో భాస్వరము హెచ్చుగా నున్నందున దానిమీద రక్షణనిచ్చు సన్నని పొర యేర్పడినదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన బండి కేబిను రేకు ఒక మిల్లీమీటరుకైనను తక్కువ మందము గలది. దానికి రంగే కవచము. కవచము చిల్లిపడిన దినమునుండి లెక్క మొదలిడినట్లే.

ఇక పరీక్ష. చిన్నసుత్తితో రేకును తట్టుచు పోవలెను. గట్టిరేకు ఖంగుమనును, తిన్నరేకు మొద్దుగా పలుకును. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడవలెను. రంగు పాడగునని జంకవద్దు. నీరు నిలుచు చోట్లనే మొదట వెదకుడు: తలుపుల అడుగు అంచు, అచ్చట నీరు పోవుటకుంచిన రంధ్రములు, కేబినులో రబ్బరుచాప క్రింద, ముందు అద్దపు రబ్బరు చుట్టు, చక్రములపై మడ్‌గార్డు మడత, బ్యాటరీ పెట్టె. పిమ్మట తొట్టి క్రింది అడ్డకమ్ములు, చాసీ, కమానుపట్టీలను చాసీకి తగిలించిన కొక్కెములు, బ్రేకు గొట్టములు. తలుపు తుప్పుపట్టిన ఒక తలుపే పోవును. ఈ వెనుక చెప్పినవి పోయిన మనిషి పోవును. ఉన్న డబ్బు తక్కువైనచో రంగునకుగాక వీనికే ఖర్చుపెట్టవలెనని మా నిశ్చితాభిప్రాయము.

పైపై తుప్పైనచో మీరే బాగుచేసికొనవచ్చును. మంచినీటితో బురదను, ఉప్పును పూర్తిగా కడిగి, ఎండలో బాగుగా ఆరనిచ్చి, తీగబ్రష్షుతోను ఎమరీకాగితముతోను ఇనుము తెల్లగా మెరయువరకు గీకవలెను. గీకునపుడు కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ తప్పక యుండవలెను. గుంటలలో మిగిలిన తుప్పునకు ఫాస్ఫారిక్ ఆమ్లముగల ద్రావకముగాని, టానిను గల ద్రావకముగాని పూయుదురు. టానిననగా క్రొత్తది కాదు. మన తాతలు కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లసిరా చేసికొనిరి గదా, ఆ కరక్కాయ వగరే అది. ఇనుముతో కలిసి గట్టి నల్లపొర కట్టును. అట్లని ఇంట కాచిన కషాయముపై ఆధారపడవద్దు. దాని బలము ఒక్కొకసారి ఒక్కొక రీతిగా నుండును. అంగడిలో దొరకు ద్రావకమును డబ్బాపై వ్రాసిన క్రమమున వాడుడు. అది ఆరిన పిమ్మట జాగుచేయక ప్రైమరు వేయవలెను. గీకిన ఇనుమును ఒక్క రాత్రి మంచులో వదలినను మరల ఎర్రబారును. పూర్వము సిందూరము కలిపిన రంగు వాడెడివారు. అది సీసపు విషము. ఇప్పుడు దానితో పనిలేదు. రెడ్ ఆక్సైడు గాని, ఎపాక్సీ గాని చాలును.

చిల్లిపడినచోట లప్పము పనికిరాదు. తిన్న రేకును గట్టిరేకు తగులువరకు కోసివేసి, క్రొత్తముక్కను అతికించవలెను. టింకరింగు షెడ్లలో కొందరు పాతరేకుమీదనే క్రొత్తరేకు పరచి అంచులు అతుకుదురు. రెండు రేకుల నడుమ నీరు చేరి, ఏడాది తిరుగకమునుపే రెండును పోవును. కోసివేయుట మీ కండ్లయెదుట జరుగవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పించుడు. పెట్రోలు, డీజిలు గొట్టముల దాపున నిప్పు పెట్టనీయకుడు. జింకుపూత రేకును కాల్చినపుడు వచ్చు పొగ జ్వరము తెప్పించును గనుక గాలి యాడుచోటనే చేయించుడు. బ్రేకు గొట్టమునకు రంగు వేయుట వృథా, మార్చవలసినదే. చాసీ కమ్మి తినిపోయినచో, నేర్పరి చూచి బాగగునన్న సరి, లేకున్న ఆ బండిని విడుచుటే మేలు. ఎనిమిదేండ్లు దాటిన సరకుబండికి ఫిట్‌నెసు ధ్రువపత్రము ఏటేట తీసికొనవలెను. ఆ పరీక్షకు ముందు దినమున లప్పము పూయించుట అధికారిని మోసగించుట గాదు, తొట్టిలో నడుచు హమాలీని మోసగించుట.

కాలిన ఇంజను ఆయిలు బండి క్రింద పూయు ఆచారము చాల యూళ్ళలో నున్నది. తుప్పు కొంత ఆగుమాట నిజమే. కాని అది రబ్బరును చెడగొట్టును, వానకు జారి మీ పొలములోనే దిగును, చర్మమునకును హాని. మూసియున్న కమ్ములలోనికి చిమ్ముటకు మైనముతో చేసిన తైలములు అమ్ముచున్నారు, అవి మేలు.

కడుగుటలోగూడ నొక చిక్కున్నది. తీరగ్రామములలో బోరునీరు పలుచోట్ల ఉప్పన. పై సంఘపు డ్రైవరు ప్రతి ఆదివారమును శ్రద్ధగా కడుగుచుండెను, కాని ఉప్పుబోరు నీటితోనే! నీటిని మొదట నాలుకపై వేసి చూచుకొనుడు. ఉప్పు గాని, పొటాషు గాని, రొయ్యలు గాని దింపిన నాడే కాలువనీటితో కడిగి, తొట్టి వాలుగా నిలిపి ఆరవిడుచుట మంచిది. బస్తాల క్రింద చెక్కపలకలు పరచినయెడల గాలి యాడును. టార్పాలిను నేలకంటి పరచినచో తడి దాగును.

ఆ బండి తొట్టి నేలను ఈ క్రమముననే మార్పించి, బ్రేకు గొట్టములు క్రొత్తవి వేయించితిమి. చాసీ గట్టిగానే యున్నది. పైరంగునకు డబ్బు చాలక కొన్నిచోట్ల ప్రైమరే కనబడుచున్నది. హమాలీ మరల పనిలోనికి వచ్చినాడు. సంఘమువారు చిన్నసుత్తి యొకటి బండిలో నుంచిరి. అతడు మొదటి బస్తా ఎత్తకముందు తొట్టి నాలుగుమూలలను దానితో తట్టి, తరువాతనే కాలు పెట్టుచున్నాడు.