మొక్కల బల్బు మార్చేటప్పుడు

ఇంట్లో మొక్కల కోసం పెట్టుకున్న బల్బు కాలిపోతే దాని స్థానంలో ఏది కొనాలన్నది వాట్ల లెక్కతో తేలే విషయం కాదు. పాతది 15 వాట్లదైతే కొత్తదీ 15 వాట్లదే తెచ్చి బిగించడం మామూలు. నెల తిరిగేసరికి తీగ సన్నబడుతుంది, ఆకు చిన్నదవుతుంది, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది. ఎరువు చాల్లేదేమోనని ఎరువు వేస్తారు. నిజానికి చాలనిది వెలుతురు. వాట్లు చెప్పేది బల్బు ఎంత కరెంటు తీసుకుంటుందో మాత్రమే. మొక్క బతికేది ఆకు మీద పడిన కాంతితో. ఒకే వాట్ల రెండు బల్బుల మధ్య ఆ కాంతి సగానికి సగం తేడా ఉండవచ్చు.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ ప్రాంతాల ఇళ్లలో ఈ అవసరం తరచుగా కనిపిస్తుంది. కాలనీల్లో ఒంటి ఇళ్లుండే ప్లాట్ల మీద అపార్ట్‌మెంట్లు లేచాయి. రెండు భవనాల మధ్య మిగిలింది కొన్ని అడుగుల సందు. వంటింటి కిటికీ, పడకగది కిటికీ ఆ సందులోకే తెరుచుకుంటాయి. కోచింగ్ సెంటర్ల చుట్టూ వెలిసిన హాస్టళ్లలో ఇంకా ఇబ్బంది. చాలా గదుల కిటికీకి ఎదురుగా ఉండేది పక్క భవనం గోడే. ఊరికి ఎండ కొరత ఏమీ లేదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. అంత ఎండా డాబా మీదే ఆగిపోతుంది, మూడో అంతస్తు వంటింటి గట్టు దాకా దిగదు. చలిదేశాల తోటపని పుస్తకాలు శీతకాలంలో దీపం పెట్టమంటాయి. ఇక్కడ గడ్డుకాలం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మబ్బు పట్టి ఉండే వానాకాలం.

మొక్క వాడుకునే కాంతి 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం మధ్య ఉంటుంది. మనిషి కంటికి కనిపించే వెలుగు కూడా దాదాపు అంతే. ఆకులోని పత్రహరితం నీలాన్ని, ఎరుపును బాగా పీల్చుకుంటుందన్నది బడి పాఠం. దాన్ని పట్టుకునే మొదటి తరం ఎల్‌ఈడీ మొక్కల దీపాలు 450 నానోమీటర్ల నీలం, 660 నానోమీటర్ల ఎరుపు మాత్రమే ఇచ్చేట్టు తయారయ్యాయి. వంగపండు రంగు వెలుగు అలా వచ్చింది. కానీ ఆకుపచ్చ కాంతి మొక్కకు పనికిరాదన్న మాట నిజం కాదు. కీత్ మెక్రీ అనే శాస్త్రవేత్త అనేక పంటల ఆకుల మీద ఒక్కో రంగునూ విడిగా పరీక్షించి 1972లో ఫలితాలు ప్రకటించాడు. ఆకుపచ్చ కాంతి కూడా కిరణజన్య సంయోగక్రియకు చెప్పుకోదగ్గంత ఉపయోగపడుతుందని వాటిలో తేలింది. పై ఆకు పీల్చుకోకుండా వదిలేసిన ఆకుపచ్చ కింది ఆకులకు అందుతుంది కూడా.

అందువల్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు మొక్కల బల్బుగా పనికొస్తుంది. తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది నీలం చిప్పే. దాని మీద పూసిన ఫాస్ఫర్ పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా, ఎరుపుగా మార్చడంతో మొత్తం తెల్లగా కనిపిస్తుంది. నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. వంగపండు రంగు దీపం తోటల షెడ్డుల్లో ఉంటే అభ్యంతరం లేదు. హాల్లో పెడితే మాత్రం దాని కింద ఆకులు నల్లగా కనిపిస్తాయి. తెగులు మచ్చ వచ్చినా, పిండినల్లి పట్టినా వెంటనే కంటపడదు. మనుషులు తిరిగే గదికి తెల్లదే మేలు.

తెలుపులో రకాలున్నాయి. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే షాపుల్లో కూల్ డేలైట్ అంటారు. 2700, 3000 ఉంటే వార్మ్ వైట్, 4000 ఉంటే నేచురల్ వైట్. కెల్విన్లు పెరిగేకొద్దీ నీలం పాలు పెరిగి మొక్క పొట్టిగా, గుబురుగా వస్తుంది. ఎరుపు పాలు ఎక్కువైతే కాస్త సాగుతుంది. ఆకుల కోసం పెంచే మొక్కలకు 4000 నుంచి 6500 మధ్య ఏదైనా సరిపోతుంది. ఈ తేడా గురించి అవసరానికి మించి ఆలోచిస్తారు. కాంతి పరిమాణం చాలనప్పుడు రంగు మార్చినా ఒరిగేదేమీ ఉండదు.

పరిమాణం లెక్క వేయడం కష్టమేమీ కాదు. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. మొక్కల భాషలో, అంటే కాంతి కణాల లెక్కలో, అది సెకనుకు దాదాపు 13 మైక్రోమోల్‌ల కాంతి. అందులో సగం అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న గట్టు మీద పడిందనుకుంటే, 12 గంటలు వెలిగినా మొక్కలకు చేరేది రోజుకు చదరపు మీటరుకు 1.1 మోల్ మాత్రమే. ఎండాకాలంలో డాబా మీద పడే కాంతి 40 మోల్‌లు దాటుతుంది. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు లాంటివి ఒకటి రెండు మోల్‌లతో ప్రాణం నిలుపుకుంటాయి, మూడు నుంచి ఐదు ఉంటే ఎదుగుతాయి. తులసి, పుదీన, కొత్తిమీరకు 10 నుంచి 15 కావాలి. మిర్చి, టమాటాకు 20 పైనే.

ఈ అంకెలు చూస్తే ఏ మొక్కకు బల్బు పెట్టాలో, దేనికి పెట్టడం దండగో తెలిసిపోతుంది. అదే అర మీటరు గట్టు మీద కొత్తిమీర పెంచాలంటే సుమారు 45 వాట్ల మంచి ఎల్‌ఈడీ ప్యానెల్ రోజుకు 14 గంటలు వెలగాలి. నెలకు 19 యూనిట్లు. ఇక కరివేపాకు ఎండలో పెరిగే చెట్టు. కూరగాయలు కొంటే కొసరుగా వచ్చే రెండు రెబ్బల కోసం దాన్ని బల్బు కింద పెంచడం సరదా అయితే అవుతుంది గానీ పొదుపు కాదు. హాస్టల్ గదిలో సీసా నీళ్లలో పెట్టిన మనీప్లాంటు సంగతి వేరు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో చదివేవాళ్ల టేబుల్ ల్యాంపు ఎలాగూ గంటల తరబడి వెలుగుతుంది. అందులో 9 వాట్ల తెల్ల బల్బు వేసి, సీసాను ఆ వెలుగులోకి జరిపితే దానికి వేరే దీపం అక్కర్లేదు.

బల్బు ఎంత ముఖ్యమో అది ఉండే దూరం అంత ముఖ్యం. విడి బల్బుకు దూరం రెట్టింపైతే ఆకు మీద పడే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. సీలింగు హోల్డరులో 20 వాట్ల బల్బు వేయడం కన్నా మొక్కకు అడుగు ఎత్తున 9 వాట్లది వేలాడదీయడం లాభసాటి. సెల్‌ఫోన్లో లక్స్ కొలిచే యాప్ ఉంటే ఆకు దగ్గర ఫోను పెట్టి చూడవచ్చు. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో చదివిన లక్స్‌ను 68తో భాగిస్తే చదరపు మీటరుకు సెకనుకు పడే మైక్రోమోల్‌లు వస్తాయి. ఆకు దగ్గర 4,500 నుంచి 5,000 లక్స్ ఉండి 12 గంటలు వెలిగితే మూడు మోల్‌లు అందినట్టే. ఫోను కొలత అంత కచ్చితం కాదు, అయినా పాత బల్బునూ కొత్త బల్బునూ పోల్చడానికి చాలు. వంగపండు రంగు వెలుగుకు ఈ లెక్క పనిచేయదు. లక్స్ మనిషి కంటిని బట్టి పెట్టిన కొలత, ఆ రంగులను తక్కువగా చూపిస్తుంది.

పాత బల్బు ఏ రకమో చూసుకుని దానికి తగ్గది వెతకాలి. 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు ఇచ్చేది 1,300 ల్యూమెన్ల చిల్లర, మిగతాదంతా వేడి. దాని స్థానంలో 14 వాట్ల ఎల్‌ఈడీ వేస్తే వెలుగు తగ్గదు, ఆకు అంచులు మాడవు. 23 వాట్ల సీఎఫ్‌ఎల్‌కీ దాదాపు అదే జవాబు. నాలుగడుగుల 36 వాట్ల ట్యూబులైటు తీసి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు పెట్టినప్పుడు ల్యూమెన్లు తగ్గినట్టు కనిపిస్తాయి. పాత ట్యూబు వెలుగు చుట్టూ పోయేది, కొత్తదాని వెలుగు ఒక వైపుకే పడుతుంది కనుక మొక్కకు పెద్దగా లోటు రాదు. పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు బిగించేటప్పుడు చోక్, స్టార్టర్ ఉంచాలా తీసేయాలా అన్నది ట్యూబుతో వచ్చే కాగితంలో చూడాలి, వైరింగు పని ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. మెడ వంచే క్లిప్ దీపాల్లో చాలావాటికి బల్బు విడిగా రాదు. చిప్పులు పోతే తల మొత్తం మార్చాల్సిందే. మళ్లీ కొనేవాళ్లు హోల్డరు ఉన్న స్టాండు తీసుకుంటే వచ్చేసారి బల్బు ఒక్కటే మార్చుకోవచ్చు.

హోల్డరు దగ్గర చిన్న చిక్కుంది. ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా ఉండేది రెండు పిన్నుల బి22. ఆన్‌లైన్లో మొక్కల బల్బుల పేరుతో దొరికేవి ఎక్కువగా మరతిప్పుడు ఇ27. రెంటినీ కలిపే అడాప్టర్లు కరెంటు సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. పిన్ను అడాప్టరును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి ఫేజ్ వైరు మర ఉన్న లోహపు చుట్టుకు తగిలే వీలుంది. తడిచేత్తో మొక్కలకు నీళ్లు చల్లుతూ బల్బు తిప్పడం అందుకే ప్రమాదం. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి మార్చాలి. ఆకుల మీద నీళ్లు చల్లే అలవాటున్న ఇంట్లో ఎక్స్‌టెన్షన్ బోర్డు కుండీల కన్నా ఎత్తున ఉండాలి. బరువైన రిఫ్లెక్టరు బల్బులను అడాప్టరుకు వేలాడదీయకపోవడం మంచిది. పార్38 అని పెట్టె మీద కనిపిస్తే అది బల్బు ఆకారానికి పెట్టిన పేరు, మొక్క వాడుకునే కాంతికి కొలత కాదు.

పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్నదాన్ని వదిలేసి చిన్న అక్షరాలు చదవాలి. 1000 వాట్లని రాసున్న మొక్కల దీపం నిజంగా తీసుకునే కరెంటు 100 వాట్లే ఉండొచ్చు. ఆ పెద్ద అంకె ఏదో పాత రకం దీపంతో పోల్చి వేసింది. అసలు వాట్లు, ల్యూమెన్లు లేదా మైక్రోమోల్‌లు లేని పెట్టెను పక్కన పెట్టేయవచ్చు. ఇంట్లో వాడే ఎల్‌ఈడీ బల్బులకు భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16102 అన్న అంకె, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య బల్బు మీద ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు దుకాణాల్లో మామూలు తెల్ల బల్బులకు కొదవ లేదు. వాట్లు ఎక్కువున్నవి, ప్యానెళ్లు కావాలంటే కోఠి పక్కనున్న ట్రూప్‌బజార్‌కు వెళ్లాలి. ఎల్బీనగర్ నుంచి వచ్చే మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే దగ్గర. పాత బల్బు సంచిలో వేసుకుని వెళ్తే హోల్డరు తేడా వచ్చి రెండోసారి తిరగాల్సిన పని ఉండదు.

ఎల్‌ఈడీ 25,000 గంటలు వస్తుందంటే రోజుకు 12 గంటల చొప్పున ఐదున్నరేళ్లకు పైనే. ఆ గంటలు బల్బు ఆరిపోయేదాకా కాదు, వెలుగు 70 శాతానికి తగ్గేదాకా లెక్క. కంటికి తెలియకుండానే మొక్క తిండి దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. దీనికి తోడు మే నెలలో డాబా కింది గది పెనంలా కాగుతుంది. మూసి ఉన్న గాజు గోళంలో బిగించిన బల్బు లోపలి డ్రైవరు సర్క్యూటు ఆ వేడికి ముందే చెడిపోతుంది. మొక్కల బల్బు చుట్టూ గాలి ఆడాలి.

రోజుకు 12 నుంచి 14 గంటల వెలుగు చాలు. రాత్రంతా వెలిగిస్తే మొక్కకు మేలు జరగదు, టమాటా ఆకులైతే పసుపు తిరుగుతాయి. టైమరు ప్లగ్గు పెట్టుకుంటే మరచిపోయే భయం ఉండదు. చామంతి పొడవైన రాత్రి ఉంటేనే మొగ్గ వేస్తుంది. హైదరాబాద్‌లో పగలు డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో 13 గంటలు. చలికాలంలో చామంతి పూయడానికి కారణం అదే. హాల్లో రాత్రి పదకొండు దాకా దీపం వెలిగే చోట పెట్టిన చామంతి ఆకులు వేస్తూనే ఉంటుంది. డ్రాగన్‌ఫ్రూట్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొడవైన పగలుంటే పూస్తుంది కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో కొందరు రైతులు అకాలంలో కాపు కోసం రాత్రిపూట తోటలో ఎల్‌ఈడీ బల్బులు వెలిగిస్తున్నారు.

కరెంటు ఖర్చు ఒక బల్బుకు భయపడేంత ఉండదు. 10 వాట్లది రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 3.6 యూనిట్లు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వస్తున్న ఇళ్లు మాత్రం చూసుకోవాలి. 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. 195 దగ్గర ఆగుతున్న ఇంట్లో కొత్తిమీర ప్యానెల్ పెడితే ఆ కట్ట ఊళ్లోకెల్లా ఖరీదైన కొత్తిమీర అవుతుంది.

కొత్త బల్బు పాతదానికన్నా కాంతివంతమైతే మొదటి వారం కాస్త ఎత్తున ఉంచి, తర్వాత దించాలి. ఉన్నట్టుండి ఎక్కువ వెలుగు పడితే నీడకు అలవాటైన ఆకులు పాలిపోతాయి. తీసేసిన సీఎఫ్‌ఎల్‌లో, ట్యూబులైటులో పాదరసం ఉంటుంది. పగలగొట్టకుండా, తడిచెత్తలో కలపకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి. ఇంట్లోనే పగిలితే ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి, చీపురుతో ఊడవకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి కవర్లో మూట కట్టాలి. ఆ గాజుపొడి కుండీలో పడితే పైమట్టి తీసి అదే కవర్లో వేయాలి, ముఖ్యంగా ఆ కుండీలో ఉన్నది తినే ఆకైతే.