పత్తి కట్టెలో మూడు పాళ్లు

పత్తి ఏరుడు అయిపోయాక సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ చుట్టుపక్కల నల్లరేగడి చేలలో మిగిలేది కట్టె. జొన్న చొప్ప అయితే పశువులకు పోతుంది. కంది కట్టె పొయ్యికి, దడికి పనికొస్తుంది. పత్తి కట్టెను పశువు ముట్టదు. చేలో అలాగే వదిలేస్తే గులాబీ రంగు పురుగు అందులో తలదాచుకుని తరువాతి పంట మీద పడుతుంది. అందుకే చివరి ఏరుడు కాగానే కట్టె పీకేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. పీకిన దానిలో కొంత వంటచెరుకు అవుతుంది. మిగిలినదాన్ని కుప్ప పోసి అంటిస్తారు. ఎకరాకు దాదాపు ఒక టన్ను కట్టె ఇలా పొగైపోతోంది.

ఆ టన్నులో ఉన్నవి ముఖ్యంగా మూడు పదార్థాలు. సుమారు 40 శాతం సెల్యులోజ్, అంటే కాగితానికీ విస్కోస్ దారానికీ మూలమైన పీచు. నాలుగో వంతు దాకా లిగ్నిన్, కట్టెకు గట్టిదనం ఇచ్చే బంక. ఇంకో అయిదో వంతు హెమీసెల్యులోజ్ అనే చక్కెరల గొలుసు. విడివిడిగా ప్రతిదానికీ ధర ఉంది. కలిసి ఉన్నంత కాలం మూడింటికీ కట్టెల ధరే. వీటిని చెడగొట్టకుండా విడదీయడం కోసం మనిషి చేసిన ప్రయత్నాల్లో సాల్వెంటును, అంటే కరిగించే ద్రవాన్ని, నమ్ముకున్నదాని పేరు ఆర్గనోసాల్వ్.

1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ చెక్క నుంచి సెల్యులోజ్‌ను వేరుచేసి చూపాడు. ఆయన దృష్టి పీచు మీదే. ఆ తరువాత చెక్కతో కాగితం చేసిన పరిశ్రమ దృష్టీ అదే. 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ కనిపెట్టిన క్రాఫ్ట్ పద్ధతిలో చెక్కను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో ఉడికిస్తారు. లిగ్నిన్ నల్లటి ద్రవంగా బయటికొస్తుంది. దాన్ని బాయిలర్లో మండించి ఆవిరి తీస్తారు, రసాయనాలను తిరిగి రాబడతారు. కాగితం మిల్లుల దగ్గర వచ్చే గంధకపు వాసన ఈ పద్ధతిదే. పీచు దక్కుతుంది, మిల్లుకు శక్తీ దక్కుతుంది. లిగ్నిన్ మాత్రం బూడిదవుతుంది.

మరో దారి ఉందని 1893లోనే స్వీడన్ శాస్త్రవేత్త పీటర్ క్లాసన్ గమనించాడు. లిగ్నిన్ నిర్మాణం తెలుసుకోవడానికి ఆయన చెక్కను ఇథనాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపి కరిగించాడు. 1931లో థియోడర్ క్లైనర్ట్, కుర్ట్ ఫాన్ టాయెంథాల్ ఇంకా ముందుకు వెళ్లారు. ఇథనాల్, నీళ్లు కలిపి పీడనం కింద వేడిచేస్తే చాలు, చెక్కలోని లిగ్నిన్ కరిగి బయటికొస్తుందని చూపారు. మరుసటి ఏడాదే అమెరికాలో పేటెంట్ వచ్చింది. సెల్యులోజ్‌తో పాటు మిగిలిన పదార్థాలనూ దక్కించుకోవడమే తమ ఉద్దేశమని అందులోనే రాసుకున్నారు.

ఈ పనిలో ఉన్న అందం ఇది. మూత బిగించిన ఉక్కు పాత్రలో తరిగిన చెక్కనూ సగం ఇథనాల్, సగం నీళ్లు ఉన్న ద్రవాన్నీ పోసి 190 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. లోపలి పీడనం వాతావరణ పీడనానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ వేడికి హెమీసెల్యులోజ్ నుంచి ఎసిటిక్ ఆమ్లం ఊడి వస్తుంది. కట్టెను విప్పే ఆమ్లాన్ని కట్టే ఇస్తుందన్నమాట. ఆ ఆమ్లం లిగ్నిన్ ముక్కలను పట్టి ఉంచే ఈథర్ బంధాలను తెంచుతుంది, తెగిన ముక్కలు ఆల్కహాల్లో కరుగుతాయి. పీచు పాత్రలోనే ఉండిపోతుంది. వడకట్టిన ద్రవంలో నీళ్లు కలిపితే నిమ్మరసం పిండిన పాలలా అది విరిగి, లిగ్నిన్ గోధుమ రంగు పొడిగా అడుగుకు చేరుతుంది. దానిలో గంధకం ఉండదు. మిగిలిన నీళ్లలో చక్కెరలు, ఫర్ఫురాల్ అనే రసాయనం, ఎసిటిక్ ఆమ్లం ఉంటాయి. 78 డిగ్రీలకే ఆవిరయ్యే ఇథనాల్‌ను బట్టీలో స్వేదనం చేసి మళ్లీ పాత్రలోకి పంపుతారు.

ఇంత తీరైన పద్ధతి నలభై ఏళ్లు నిద్రపోయింది. క్లైనర్టే 1971లో సాల్వెంటును తిరిగి రాబట్టే పద్ధతితో కలిపి కొత్త పేటెంట్ తీసుకున్నాడు. ఆ దశకంలోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి టర్బైన్లకు శుభ్రమైన ఇంధనం కోసం ఈ దారి పట్టాయి. అక్కడి నుంచి అది కెనడాకు చెందిన రీపాప్ కంపెనీ చేతికి వచ్చి ఆల్సెల్ పద్ధతి అయింది. 1989లో న్యూ బ్రన్స్‌విక్‌లోని న్యూకాసిల్‌లో ప్రదర్శన కర్మాగారం మొదలై, 1990ల మధ్య దాకా గట్టి చెక్కను ఉడికించింది. జర్మనీలోని కెల్‌హైమ్‌లో మిథనాల్‌తో కట్టిన కర్మాగారం కూడా ఎక్కువ కాలం నడవలేదు. ఎక్కువ పీడనానికి తట్టుకునే పాత్రలు ఖరీదు. ఆల్కహాల్‌కు నిప్పు భయం ఉంది. పైగా ప్రతి ఉడుకులో కాస్త సాల్వెంట్ జారిపోయినా లెక్క తప్పుతుంది. ఈ పద్ధతికి ప్రాణం ఉడికించే పాత్రలో లేదు, బట్టీలో ఉంది.

రసాయనం వైపు కూడా ఒక చిక్కు ఉంది. తెగిన లిగ్నిన్ ముక్కలు వేడికి మళ్లీ అతుక్కుని మునుపటికంటే మొండిగా తయారవుతాయి. 2016లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో జెరెమీ లూటర్‌బాకర్ బృందం ఉడికేటప్పుడే ఫార్మాల్డిహైడ్ కలిపి ఆ అతుకును ఆపగలిగింది. ఇక వ్యాపారం వైపు చూస్తే, మన దేశంలో అస్సాంలోని నుమాలిగఢ్‌లో వెదురుతో నడిచే జీవ ఇంధన కర్మాగారం 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఫిన్లాండ్ సాంకేతికతతో కట్టిన ఆ కర్మాగారం ఇథనాల్‌తో పాటు ఫర్ఫురాల్, ఎసిటిక్ ఆమ్లం అమ్ముతుంది. ఒక్క సరుకును నమ్ముకోకుండా అన్ని పాళ్లనూ అమ్మితేనే ఇలాంటి కర్మాగారం నిలుస్తుంది.

ఇక మన కట్టె సంగతి. వరి గడ్డిలో సిలికా ఎక్కువ, అది ఇలాంటి కర్మాగారాల్లో గొట్టాలకు, బాయిలర్లకు పట్టి ఇబ్బంది పెడుతుంది. పత్తి కట్టె గుణం ఆల్సెల్ ఉడికించిన గట్టి చెక్కకు దగ్గర. దానిలోని లిగ్నిన్ ప్లైవుడ్ జిగురులో పెట్రోలియం నుంచి వచ్చే ఫినాల్‌కు కొంతవరకు బదులుగా వాడదగినది. కష్టాలూ ఉన్నాయి. కట్టె తేలిక, చోటు ఎక్కువ పడుతుంది, ఏడాదిలో కొద్ది నెలలే దొరుకుతుంది, బెరడుకు మట్టి అంటుకుని ఉంటుంది. బండి కిరాయే దాని విలువను మింగేస్తుంది.

అందుకే నారాయణఖేడ్‌లో ఉక్కు పాత్ర కంటే ముందు కావలసింది ఊరి దగ్గరే కట్టెను తరిగి, దులిపి, ఆరబెట్టి నిలువచేసే చోటు. అది రైతు సంఘాల చేతిలో ఉండాలి. చేలో రాలిన ఆకు, కాయ తొడిమలు నేలకే వదలాలి. ఇదే సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1972 నుంచి మెట్ట పంటల మీద పని జరుగుతోంది. హైదరాబాద్‌లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. ఎండిన చేనుకూ ఆ ప్రయోగశాలలకూ మధ్య ఉన్నది ఒక్కరోజు బండి దారి. కట్టెను కొనే కర్మాగారం రేపు ఎవరు పెట్టినా బేరం వంటచెరుకు ధర దగ్గర మొదలవకూడదు. పీచు, బంక, చక్కెర అనే మూడు పాళ్ల విలువ తెలిసిన రైతు ఆ బేరంలో కూర్చోవాలి.