అద్దపు తలుపు పగిలిన వేళ: అపోహలు – వాస్తవములు

2016 అక్టోబరు 11వ తేదీన ఉమ్మడి వరంగల్లు జిల్లానుండి విడివడి మూడు జిల్లాలకు కేంద్రములైన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో ఈ నడుమ కట్టిన పెక్కు గృహములందు, వంటయింటి గోడపై చెక్క చట్రములలో అద్దములు బిగించిన తలుపులతో అల్మారలు కానవచ్చుచున్నవి. ఆ తలుపులలో ఏదో యొకదాని మూలనుండి సన్నని గీత యొకటి ఏటవాలుగా ప్రాకి, సగము దూరము పోయి నిలిచియుండుటయు నంత యరుదు కాదు. గీత పడినదని తెలిసిన తోడనే ఇంటికి వచ్చిన ప్రతివారును వైద్యులగుదురు: ఒకరు జిగురు పోయుమందురు, ఒకరు గోళ్ల రంగు పూయుమందురు, ఒకరు పండ్లు తోముకొను పేస్టుతో రుద్దుమందురు. “గింత పగులుకే అద్దం మారుస్తరా వదినా, జెర ఫెవిక్విక్ పెడితే అయిపాయె” అను మాటలో ఆప్యాయతకు లోటు లేదు, లోటున్నది శాస్త్రమునందే. ఈ ఉపదేశములన్నియు గీతను జూచి పుట్టినవి. పగులునకు జన్మస్థానమైన అద్దపు అంచును జూచి పుట్టినది వీనిలో నొక్కటియు లేదు.

జిగురు పోసిన పిదప గీత కనబడకుండ పోవుట నిజమే. దానిని చూచియే జనులు పగులు మానినదని తలంతురు. కాని పగులు మన కంటికి మెఱయుటకు కారణము ఆ చీలికలో చొచ్చిన గాలి. గాజు వక్రీభవన గుణకము సుమారు 1.5, గాలిది 1. ఈ భేదము వలన వెలుతురు చీలిక గోడలపై ప్రతిఫలించును. గాజు గుణకమునకు చేరువగా నుండు జిగురు గాలిని తఱిమి ఆ చోటు నాక్రమించినయెడల మెఱుపు అణగిపోవును, చీలిక మాత్రము యథాస్థానముననే యుండును. పగులు కొన అణువుల పరిమాణములో సన్ననైనది గనుక అచటివఱకు ఏ చిక్కని ద్రవమును చేరజాలదు. చేరవలసిన చోటు మాత్రము అదియే. మఱి కారు ముందు అద్దమునకు రెసిను పోసి బాగుచేయుట లేదా యని యడుగవచ్చును. ఆ అద్దము రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్ పొర నిడి యతికించినది. రాయి తగిలి పై పలకలో గుంట పడినను, పొరయు లోపలి పలకయు దానిని పట్టియుంచును. అల్మార తలుపునందున్నది ఒంటి పలక, పట్టియుంచువారెవరును లేరు. తెల్లని వడ్రంగి జిగురు నీరు ఆవిరియై పోయిననే గట్టిపడును, చెక్క ఆ నీటిని పీల్చును, గాజు పీల్చదు. క్షణములో అంటుకొను జిగురు గట్టిపడిన పిదప పెళుసై, వంటయింటి ఆవిరికిని తడిగుడ్డకును క్రమముగా పట్టు సడలును. పేస్టు సంగతి చెప్పవలసినంత లేదు; అది పైపై గీఱులను అరగదీయు మెత్తని రాపిడిపొడియే.

జనగామకు చేరువనున్న పెంబర్తిలో ఇత్తడి రేకును కాల్చి, చల్లార్చి, సుత్తెతో సన్నసన్నగా కొట్టి దేవాలయములకు తొడుగులను, విగ్రహములకు కవచములను తీర్చు శిల్పులను చూచినవారికి, లోహమువలెనే గాజును గూడ వేడిచేసి యతుకవచ్చునను భ్రమ కలుగుట సహజము. లోహమునందు పరమాణువులు ఒకదానిపై నొకటి జాఱి, చీలిక కొన మొద్దువాఱును. గాజునందు అట్టి జాఱుటకు తావు లేదు, కావున కొన ఎప్పుడును పదునుగనే నిలిచియుండును. ఇట్టి పగులు గాజు బలమును ఎంత తగ్గించునో లెక్కలతో చూపినవాడు ఏ. ఏ. గ్రిఫిత్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు. విమానములలోని లోహభాగము లేల విఱుగునో తెలిసికొనగోరి, ఆయన గాజును పరీక్షాద్రవ్యముగా నెన్నుకొని, పలుచని గాజు బుడ్లపైనను గొట్టములపైనను పగుళ్లు కల్పించి, లోపలినుండి ఒత్తిడి పెంచి, అవి బద్దలగు వేళను కొలిచెను. 1921లో ప్రకటితమైన ఆయన వ్యాససారము మన వంటయింటికి సరిగా వర్తించును: పగులు నాలుగింతలు పొడవైనచో అద్దము భరింపగల లాగుడు సగమునకు దిగజాఱును. అనగా అర అంగుళపు గీతతో తలుపు దెబ్బలకు తాళుకొనిన అద్దము, గీత రెండంగుళములైన నాడు అందులో సగము దెబ్బకే లొంగిపోవును. నీరు దీనికి తోడు. పగులు కొనకు చేరిన నీటి అణువు అచట లాగబడియున్న సిలికాన్, ఆమ్లజనుల బంధమును త్రెంపుటకు సాయపడును. ఎండకాలమంతయు కదలని గీత వానకాలమున ఒక అంగుళము పెరిగినచో వింతపడ నక్కరలేదు. గ్యాసు మంటతో గీతను కరగింప యత్నించుట ఇంకను ప్రమాదకరము: సామాన్యపు గాజు మెత్తబడుటకు 700 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి కావలయును; పలకలో ఒకచోటు కాలి పక్కచోటు చల్లగా నున్నయెడల సుమారు 40 డిగ్రీల భేదమే దానిని చీల్చుటకు చాలును. గీత కొనకు రంధ్రము చేసి ఆపుదమను యుక్తి లోహపు రేకులకు చెల్లునదియే. గాజునకు ఆ రంధ్రపు అంచులే క్రొత్త పగుళ్లకు బీజములగును.

చదువుకొన్నవారి అపోహ వేఱు. గాజు ఒక ద్రవమనియు, పాత భవనముల కిటికీ అద్దములు క్రిందికి జాఱి అడుగున మందమెక్కుననియు ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండవ తరగతి రసాయనశాస్త్ర పుస్తకములోనే చాలకాలము ముద్రితమైయుండెను. 1998లో బ్రెజిలు శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ జనొట్టో గణించి చూపిన ప్రకారము, గది వేడిమిలో గాజు అట్లు జాఱుటకు విశ్వము వయస్సు కూడ చాలదు. పాత పలకల మందభేదము వానిని ఊది, త్రిప్పి, పఱచిన పద్ధతివలన వచ్చినది. పగులు కాలక్రమమున తనంతట పూడునని యెదురుచూచుట కూడ ఇంతే.

“ఎవరూ ముట్టలే, ఊరికెనే పలిగింది” అను మాట మూడు పట్టణములలోను వినవచ్చును. భూపాలపల్లిలో దానికి సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల ప్రేలుడు కారణముగా చెప్పబడును, మహబూబాబాదులో, అనగా పాత మానుకోటలో, ఎండ కారణముగా చెప్పబడును. గని ప్రేలుళ్లవలన గోడలకు హాని కలుగునా యను వివాదము పెద్దది, దాని తీర్పు ఈ అద్దముమీద ఆధారపడదు. అదురుగాని, వేడిగాని, అంచున ముందే యున్న పెచ్చును పెంచునే తప్ప, చెక్కుచెదరని అంచులో పగులును పుట్టించుట అరుదు. ఆ పెచ్చు అద్దము కోసిననాడో బిగించిననాడో పడియుండును. చట్రపు గాడిలో అద్దము కదలుటకు చోటు లేకుండ బిగించిన తలుపులో, వానకాలమున చెక్క ఉబ్బి అంచును నొక్కును. బీడింగు పట్టీని బిగించిన మేకు ఒకటి వంకరపోయి గాజును తాకియుండును. లేదా కీలు సడలి తలుపు క్రుంగి, మూసినప్పుడెల్ల ఒకే మూల చట్రమునకు కొట్టుకొనుచుండును. పగులు మొదలైన చోట వ్రేలు పెట్టకుండ కన్నుతోనే జాగ్రత్తగా పరికించినచో ఈ మూడింటిలో నొకటి తఱచుగా దొరకును. దానిని సవరింపక క్రొత్త అద్దము వేసినయెడల రెండవ అద్దమును అదే మూలనుండి పగులును.

ఇక తలుపంతయు మార్పింపవలెనను భయము అనవసరము. మారవలసినది అద్దమొక్కటే, ఆ పని ఇంటిలోనే చేసికొనదగినది. తొలుత పగులునకు ఇరువైపుల వెడల్పాటి టేపు అంటించి, కీళ్ల మరలు విప్పి, తలుపును నేలపై దుప్పటి పఱచి వెల్లకిల పరుండబెట్టవలయును. 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందము గల పలక సుమారు 2.4 కిలోలు తూగును. నిలువునున్న తలుపునుండి అది జాఱినచో చేతులతో ఆపదగిన వస్తువు కాదు. మందపు చేతితొడుగులు వేసికొని, బీడింగు పట్టీలను ఉలి మొనతో నడుమనుండి మెల్లగా లేపి, పాత సిలికానునో లప్పమునో గీకి, గాడిని కుంచెతో శుభ్రము చేయవలయును. గాడిలో అడుగుననున్న ఇసుక రేణువొకటి యైనను క్రొత్త అంచునకు శత్రువే. గాడి కొలతను మూడేసి చోట్ల తీసికొని, వానిలో చిన్నదానినుండి 3 మిల్లీమీటర్లు తగ్గించి అద్దపు దుకాణములో చెప్పవలయును. అచటి పనివాడు కిరసనాయిలులో ముంచిన చిన్న చక్రపు కత్తితో ఒకేసారి గీత గీచి విఱుచును; అతడు చేయునది కోత కాదు, తన కిష్టమైన దారిన పగులును నడిపించుటయే. అంచులు సానబట్టి యిమ్మని తప్పక అడుగుడు. దానికగు స్వల్పపు ఖర్చును మిగుల్చుకొనుట నా దృష్టిలో లోభమే. క్రొత్త పలకను మెత్తని రబ్బరు ముక్కలపై గాని, పలుచగా పూసిన సిలికానుపై గాని కూర్చుండబెట్టి, పట్టీలను తగిలించి, మేకుల మొనలు గాజును తాకలేదని సరిచూచుకొనవలయును.

పగిలిన అద్దము ఇంట నుండరాదు, అరిష్టమను నమ్మకమును గూడ అపోహలలో చేర్చవలసినదే యైనను, ఇంతవఱకు చెప్పినవానిలో సత్ఫలము నిచ్చునది ఇది యొక్కటే యని యంగీకరింపక తప్పదు. శుక్రవారము దానిని బయటికి పంపరాదని ఆగువారు, టేపు వేసియైనను ఆగవలయును. పంపునాడు ముక్కలను మందపు కాగితములో చుట్టి, పారిశుద్ధ్య కార్మికునకు నోటితో చెప్పి విడిగా అందింపవలయును.

పొయ్యికి చేరువనున్న తలుపునకును, పిల్లలు తిరుగు చోటికిని టఫెన్డు గ్లాసు మేలు. 600 డిగ్రీలకు మించి కాచి, గాలితో ఒక్కసారిగా చల్లార్చిన ఆ గాజు, పగిలిననాడు గీత పడి నిలువదు. పలకయంతయు ఒకేసారి మొద్దు అంచుల చిన్న ముక్కలుగా రాలును. మీ తలుపులో గీత నిలిచియున్నదన్నచో అది సామాన్యపు గాజేయని తెలిసికొనవచ్చును. ఆక్రిలిక్ పలక పగులదని కొందఱు దానిని సూచింతురు; అది సుమారు 100 డిగ్రీల ప్రాంతమున మెత్తబడును, తుడుచుకొలది గీఱులు పడును, పొయ్యికి దూరముననున్న అల్మారకు మాత్రమే తగును. టఫెన్డు గాజును తయారైన పిదప కోయుటయు, తొలుచుటయు సాధ్యము కాదు. కావున పిడి బిగించుటకు రంధ్రము కావలసినచో, ఆ మాట కొలతలతో బాటే దుకాణమువానికి చెప్పవలయును.