పదేళ్ల కంప్రెసర్, ఏడాది ఫ్రిజ్

షోరూమ్‌లో కొత్త ఫ్రిజ్ తలుపు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది 10 అనే అంకె. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ. ఏసీల మీదా అదే ఉంటుంది. వాషింగ్ మెషీన్ల మీద మోటారు పేరు పక్కన ఉంటుంది. కార్డు తెరిచి చదివితే మాత్రం తక్కిన భాగాలన్నిటికీ చాలావరకు ఏడాదే. కొనేవాళ్లలో చాలామంది ఆ పదిని ఫ్రిజ్ ఆయుష్షుగానే లెక్కేసుకుంటారు. రెండు వేలు ఎక్కువైనా సరే, ఆ అంకె పెద్దగా ఉన్న మోడలే తీసుకుంటారు. ఆ రెండు వేలకు ఏం దక్కుతోందో తెలియాలంటే ముందు కంప్రెసర్ లోపలేముందో చూడాలి.

ఫ్రిజ్ వెనక అడుగున నల్లగా కనిపించే ఉక్కు డొల్లే కంప్రెసర్. మోటారు, గ్యాస్‌ను నొక్కే పిస్టన్ రెండూ దానిలోపలే ఉంటాయి. ఆ డొల్లలో నూనె, గ్యాస్ నింపి, వెల్డింగ్‌తో శాశ్వతంగా మూసేస్తారు. తిరిగే ఇరుసు బయటికి రాదు కనుక దాని పక్క నుంచి గ్యాస్ కారే దారి లేదు. దుమ్ము చేరదు, నూనె మార్చే పని ఉండదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమెరికాలో 1927లో ఇలాంటి మూసిన యంత్రంతోనే మానిటర్ టాప్ అనే ఫ్రిజ్‌ను అమ్మకానికి తెచ్చింది. పాత వస్తువులు సేకరించేవారి ఇళ్లలో వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇన్వర్టర్ రకం కంప్రెసర్‌కు శ్రమ ఇంకా తక్కువ. అది ఒక్క ఉదుటున పూర్తి వేగంతో మొదలవదు, మెల్లగా వేగం అందుకుంటుంది, అవసరాన్ని బట్టి తగ్గించుకుంటుంది.

యంత్రాలు పాడయ్యే తీరును ఇంజనీర్లు ఒక గీతగా గీసి చూపిస్తారు. కొత్తలో తయారీ లోపాలు బయటపడతాయి కనుక గీత ఎత్తులో మొదలవుతుంది. లోపాలున్నవి పోయాక కిందికి దిగి చాలాకాలం చదునుగా సాగుతుంది. చివర్లో అరుగుదల వల్ల మళ్లీ పైకి లేస్తుంది. ఆ ఆకారాన్ని బట్టి దానికి బాత్‌టబ్ కర్వ్ అని పేరు పెట్టారు. మొదటి ఎత్తును ఏడాది పూర్తి వారంటీ కాస్తుంది. ఆ తర్వాత మిగిలిన తొమ్మిదేళ్లలో ఎక్కువ భాగం, మంచి కంప్రెసర్ విషయంలో, చదునైన నేల మీదే గడుస్తుంది. కంపెనీకి ఈ సంగతి తెలుసు కనుకే ధైర్యంగా పదేళ్ల మాట ఇవ్వగలుగుతోంది.

మరి పాడయ్యేవి ఏవి? ఏసీ మెకానిక్‌ను అడిగితే రెండు మాటల్లో చెప్తాడు: బోర్డు పోవడం, గ్యాస్ పోవడం.

ఇన్వర్టర్ బోర్డు ఇంటి కరెంటును ముందు డీసీగా మార్చి, మళ్లీ మోటారుకు కావలసిన వేగానికి తగ్గట్టు ముక్కలు చేసి పంపుతుంది. దాని మీద నిలబడి కనిపించే చిన్న స్తంభాల్లాంటివి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటిలోపల ఒక ద్రవం ఉంటుంది. అడుగున ఉన్న రబ్బరు మూత గుండా అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో వాడుకలో ఉన్న లెక్క. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల ఎండలో గోడకు వేలాడే అవుట్‌డోర్ యూనిట్ లోపల బోర్డు ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. పిడుగులు పడ్డప్పుడు, పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు వోల్టేజి ఎగిరితే ఆ దెబ్బ తగిలేదీ బోర్డుకే. బల్లి లోపల దూరి రెండు టెర్మినళ్లను కలిపినా పోయేది బోర్డే. ఎలుకలు, బల్లులు, వోల్టేజి తేడాల వల్ల జరిగిన నష్టం వారంటీలోకి రాదని చాలా కార్డుల్లో విడిగా రాసి ఉంటుంది. అంటే మన ఊళ్లలో బోర్డులు పోవడానికి ముఖ్య కారణాలే మినహాయింపుల జాబితాలో ఉన్నాయి.

ఇక గ్యాస్. కూలింగ్ కాయిల్‌లోని పల్చని రాగి గొట్టాలను ఇంటిగాలిలోని ఆమ్లపు ఆవిర్లు తేమతో కలిసి తినేస్తాయి. శుభ్రం చేసే రసాయనాల నుంచి, ప్లైవుడ్ జిగురు నుంచి వచ్చే ఫార్మిక్, అసెటిక్ ఆమ్లాలే చాలు. లోహంలో చీమలపుట్ట దారుల్లా సన్నని సొరంగాలు ఏర్పడతాయి, పైకి మాత్రం ఏమీ కనిపించదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ను కూడా కొరికేస్తుంది. గ్యాస్ కారిపోయాక కంప్రెసర్ మీద వారంటీ ఉన్నా, కాయిల్‌కు, గ్యాస్ ఎక్కించినందుకు, మెకానిక్ కూలికి డబ్బు కట్టేది మనమే. ఫ్రిజ్‌లో ఇంకో చిక్కుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఐసోబ్యూటేన్ గ్యాస్ ఫ్రీజర్ గొట్టాల్లో గాలి పీడనం కన్నా తక్కువ పీడనంలో ఉంటుంది. అక్కడ చిల్లు పడితే గ్యాస్ బయటికి పోవడం కన్నా గాలి, తేమ లోపలికి పోవడం ముందు జరుగుతుంది. తేమ నూనెలో కలిస్తే ఆమ్లం పుట్టి మోటారు చుట్లను పాడు చేస్తుంది. వారంటీ లేని గొట్టం చివరికి వారంటీ ఉన్న కంప్రెసర్‌ను చంపుతుంది.

వాషింగ్ మెషీన్ మోటారు సంగతీ ఇంతే. కొత్త మోటార్లలో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లే లేవు, కనుక పదేళ్లంటే పెద్ద సాహసం కాదు. బోరు నీళ్లున్న ఇంట్లో ముందుగా దెబ్బతినేవి సున్నం పట్టే హీటరు, నీళ్లు వచ్చే వాల్వు, డ్రమ్ము వెనక బేరింగు.

లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు పద్ధతి తెలియడం కోసం నేను అనుకున్నవి. కంప్రెసర్ మార్చడానికి ₹8,000 అవుతుందని, ఏటా నూటికి ఒకటి చొప్పున పాడవుతుందని అనుకుందాం. తొమ్మిదేళ్లకు ఆ వారంటీ విలువ సగటున ₹720. బోర్డు ఖరీదు ₹6,000, ఏటా నూటికి అయిదు పోతాయనుకుంటే అదే తొమ్మిదేళ్లకు ₹2,700. పెద్ద అంకె వేసిన భాగం కన్నా, అంకె వేయని భాగానికే రక్షణ విలువ ఎక్కువ. అయితే సగటు అందరికీ ఒకేలా వర్తించదు. వాయిదాల్లో ఏసీ కొన్న కుటుంబానికి ఒక్కసారిగా ₹8,000 పడితే ఆ నెల గడవడమే కష్టం. అలాంటి ఇంటికి కంప్రెసర్ వారంటీ నిజంగా అండ. దాన్ని వద్దనమని నేను చెప్పను, దానికి ఎక్కువ ధర పెట్టవద్దంటాను.

ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు గురించి రాసిన పరిశోధన పత్రంలో ఒక విషయం చూపించాడు. వస్తువు మంచిదో కాదో అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియకపోతే, మంచి సరుకు బజారు నుంచి తప్పుకుంటుంది. దానికి విరుగుడుగా పనిచేసేవాటిలో గ్యారంటీ ఒకటని ఆయన అన్నాడు. 2001 నోబెల్ బహుమతిలో ఆయనకు వాటా దక్కింది. నాసిరకం తయారుచేసేవాడు దీర్ఘకాలం గ్యారంటీ ఇస్తే నష్టపోతాడు కనుక, గ్యారంటీ ఇచ్చినవాడి సరుకు మంచిదని నమ్మవచ్చు. కానీ ఎవరి కంప్రెసరూ సులభంగా పాడవకపోతే, పదేళ్ల మాట అందరూ ఇవ్వగలరు. అప్పుడా మాట ఎవరినీ ఎవరి నుంచీ వేరుచేయదు. అదే ఒక కంపెనీ ఏసీ మొత్తానికి, బోర్డూ కాయిలూ గ్యాసూ కలిపి, అయిదేళ్ల పూర్తి వారంటీ ఇస్తే (కొన్ని ఇస్తున్నాయి కూడా) అది బరువున్న మాట. రెండు మోడళ్ల మధ్య తేల్చుకోలేకపోతే నేను ఆ అయిదుకే మొగ్గుతాను, సముద్రం దగ్గర ఇల్లయితే మరీను.

భాగం దొరకకపోతే ఎంత పొడవు వారంటీ అయినా కాగితమే. ఐరోపా సమాఖ్యలో 2021 మార్చి నుంచి ఫ్రిజ్‌ల ముఖ్య విడిభాగాలను కనీసం ఏడేళ్లు, వాషింగ్ మెషీన్లవి పదేళ్లు అందుబాటులో ఉంచాలన్న నిబంధన ఉంది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, కానీ అలాంటి కచ్చితమైన గడువు మనకూ కావాలి.

చట్టం మాత్రం మనవైపు ఉంది. సరైన పరీక్ష లేకుండా వస్తువు మన్నిక గురించి గ్యారంటీ ఇవ్వడాన్ని, నెరవేర్చే అవకాశమే లేని మరమ్మతు హామీ ఇవ్వడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం 2019 అనుచిత వ్యాపార విధానాల్లో చేర్చింది. ఫిర్యాదుకు 1915 నంబరుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే ₹5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. చేతిలో బిల్లు ఉండాలి. ఇప్పుడు చాలా దుకాణాలిచ్చే బిల్లు థర్మల్ కాగితం. వేడికి నల్లబడే రంగు పూతతో అక్షరాలు పడతాయి, ఆ రంగు వెలుతురుకు, వేడికి ఏడాది రెండేళ్లలోనే వెలిసిపోవచ్చు. కొన్నరోజే బిల్లునూ, యంత్రం వెనక ఉన్న సీరియల్ నంబరునూ ఫోన్లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.