ఎవరి హక్కుల కోసం ఆ యుద్ధం?

అమెరికా అంతర్యుద్ధం (1861–65) ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు ‘రాష్ట్రాల హక్కుల కోసం’ అన్న జవాబు నేటికీ వినిపిస్తుంది. ఓడిపోయిన దక్షిణాది పెత్తందారీ వర్గం యుద్ధానంతరం విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చిన వాదన ఇది. యుద్ధానికి ముందు ఆ వర్గమే రాసుకున్న పత్రాలు మరో మాట చెబుతాయి. 1861 జనవరిలో విడిపోయిన మిసిసిపీ రాష్ట్రం, తన మనుగడ బానిసత్వ వ్యవస్థతో పెనవేసుకుని ఉందని దాపరికం లేకుండా ప్రకటించింది. నల్లవారు తెల్లవారితో సమానం కారన్న సిద్ధాంతమే తమ కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని దక్షిణాది సమాఖ్య ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ అదే ఏడాది మార్చిలో బహిరంగంగా చెప్పాడు.

రాష్ట్రాల హక్కులను నిజంగా ఎవరు కాలరాశారో తేల్చడానికి 1850 నాటి ‘పారిపోయిన బానిసల చట్టం’ ఒక్కటి చాలు. దక్షిణాది పట్టుబట్టి సాధించుకున్న ఈ చట్టం, ఉత్తరాదిలో తలదాచుకున్న వారిని పట్టి అప్పగించే బాధ్యతను కేంద్ర ప్రభుత్వంపై పెట్టింది. పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన పక్షాన సాక్ష్యం చెప్పుకునే హక్కూ లేదు. బానిసేనని తేల్చి అప్పగిస్తే కమిషనర్‌కు 10 డాలర్ల రుసుము, విడిచిపెడితే 5 డాలర్లే. ఈ చట్టం చెల్లదని విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రకటిస్తే, 1859లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. అప్పుడు దక్షిణాదికి రాష్ట్రాల హక్కులు గుర్తుకు రాలేదు. పైగా 1860 డిసెంబరులో అందరికన్నా ముందు విడిపోయిన సౌత్ కరోలినా, ఉత్తరాది రాష్ట్రాలు సొంత చట్టాలతో బానిసల అప్పగింతకు అడ్డుపడుతున్నాయనే ప్రధానంగా ఫిర్యాదు చేసింది.

ఈ పట్టుదల వెనుక పత్తి ఉంది. 1860 నాటికి బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలు. వారికి కట్టిన మార్కెట్ విలువ దేశంలోని రైలు మార్గాలు, కర్మాగారాల పెట్టుబడిని మించిపోయిందని చరిత్రకారుల అంచనా. పశ్చిమాన కొత్త రాష్ట్రం ఏర్పడిన ప్రతిసారీ అక్కడ బానిసత్వం ఉండాలా, వద్దా అన్న వివాదం రేగింది. 1820లో మిస్సోరీ ఒప్పందం ఒక సరిహద్దు గీత గీసింది. 1854 నాటి కాన్సాస్–నెబ్రాస్కా చట్టం ఆ గీతను చెరిపేయడంతో కాన్సాస్‌లో నెత్తురు పారింది. నల్లవారు అమెరికా పౌరులు కాలేరనీ, కొత్త భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదనీ 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీంతో రాజీకి మిగిలిన దారులూ మూసుకుపోయాయి.

1860 ఎన్నికలలో గెలిచిన లింకన్ ఇచ్చిన హామీ బానిసత్వ విస్తరణను ఆపడం వరకే. ఉన్నచోట దాని జోలికి పోనని ఆయన పదేపదే చెప్పారు. ఆ మాత్రం హద్దును కూడా దక్షిణాది సహించలేదు. ఆయన ప్రమాణ స్వీకారానికి ముందే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి. ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్‌పై తొలి ఫిరంగి పేల్చిందీ దక్షిణాదే.

దశాబ్దాల పాటు సాగిన ఈ ఒప్పందాలన్నీ స్వేచ్ఛ ఉన్నవారు తమలో తాము చేసుకున్నవే. వాటి మూల్యం చెల్లించిన బానిసలను ఎవరూ సంప్రదించలేదు. యుద్ధం మొదలయ్యాక ఆ బానిసలే తోటలు విడిచి ఉత్తరాది సేనల శిబిరాలకు చేరారు. ఉత్తరాది ప్రభుత్వం దేశ ఐక్యత కోసమే ఆరంభించిన పోరును విముక్తి పోరుగా మలచడంలో వారి పాత్ర కీలకం. 1863 జనవరి 1 నాటి విముక్తి ప్రకటన తర్వాత పెద్దఎత్తున సైన్యంలో చేరారు. యుద్ధం ముగిసేసరికి సుమారు 1.8 లక్షల మంది నల్లజాతి సైనికులు పోరాడారు. 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది.

ఈ విముక్తి ప్రాధాన్యాన్ని మన దేశంలో ముందుగా గుర్తించినవారిలో మహాత్మా జోతిరావు ఫూలే ఒకరు. 1873లో వెలువడిన ‘గులాంగిరి’ని ఆయన బానిస విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. వారి ఉదాహరణ శూద్రుల విముక్తికి మార్గదర్శకం కావాలని ఆశించారు. ఫూలే చూపిన దారిలో ఆ చరిత్రను చదివేవారు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. హక్కులు, సంప్రదాయం, స్వయంప్రతిపత్తి అన్న మాటలు వినిపించినప్పుడు, అవి ఎవరి హక్కులు? ఆ ఒప్పందంపై సంతకం చేసే అవకాశమే లేనివారు ఎవరు?