బానెట్ మీద సున్నపురాయి

బెల్లంపల్లిలో కారున్న ఇంటికి దుమ్ముతో తీరని పని. బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద నుంచి వచ్చిన బండిని బోరు మోటారు వేసి పైపుతో కడిగేస్తాం. నల్లటి మురికి పోతుంది. కాసేపటికి చూస్తే బానెట్ మీదా టాపు మీదా తెల్లని చుక్కలు, వలయాలు. తడిపితే మాయమవుతాయి, ఆరగానే మళ్లీ తేలతాయి.

ఆ తెలుపు మురికి కాదు, రాయి. వాన నీరు నేలలోకి ఇంకుతూ మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ బలంతో రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను కరిగించుకుంటుంది. మన పక్కనే కాసిపేట మండలం దేవాపూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉన్నది సున్నపురాయి దొరకబట్టే. ఆ సున్నపురాయిలోనూ బానెట్ మీది మరకలోనూ ముఖ్యంగా ఉండేది ఒకటే, కాల్షియం కార్బనేట్. బోరు నీటిలో కరిగి ఉన్నంతసేపు అది కంటికి కనబడదు. నీరు ఎండకు ఆరుతుంటే కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోయి, కరిగిన రాయి మళ్లీ రాయిగా మిగులుతుంది. గీజరు కాయిల్‌కు పట్టే తెల్లని పెచ్చు కూడా ఇదే.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం, అంటే నీటిలో కరిగిన ఈ కాల్షియం, మెగ్నీషియంల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటి వసతి లేనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. 600 ఉన్న నీటితో కడిగాక పావు లీటరు బండి మీదే ఆరిందనుకోండి, 150 మిల్లీగ్రాముల రాయి పెయింటు మీద ఉండిపోయినట్టే.

మరక వలయంలా ఎందుకు ఏర్పడుతుందో 1997లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్, సిడ్నీ నాగెల్ బృందం నేచర్ పత్రికలో వివరించింది. వాళ్లు పరిశీలించింది కాఫీ చుక్కను. చుక్క అంచు కింది తలానికి అతుక్కుని కదలదు. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అటు పారుతుంది. తనలో ఉన్నదాన్ని మోసుకెళ్లి అంచున దింపుతుంది. బోరు నీటి చుక్కలోని ఖనిజాలు కూడా చాలావరకు అలాగే అంచుకు చేరతాయి.

కాల్షియం కార్బనేట్ మామూలు నీటిలో లీటరుకు దాదాపు 15 మిల్లీగ్రాములే కరుగుతుంది. ఎంత తోమినా పోకపోవడానికి కారణం ఇదే. వెనిగర్‌లో 4, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. అది తగిలితే ఈ రాయి కాల్షియం ఎసిటేట్‌గా మారుతుంది. కాల్షియం ఎసిటేట్ లీటరు నీటిలో 300 గ్రాములకు పైగా కరుగుతుంది! కొందరు నిమ్మచెక్కతో రుద్దుతారు. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం వల్ల ఏర్పడే కాల్షియం సిట్రేట్ లీటరుకు గ్రాము కూడా సరిగ్గా కరగదు. అందుకే నా ఓటు వెనిగర్‌కే.

పొద్దున్నే, లేదా సాయంత్రం బానెట్ చల్లబడ్డాక, నీడలో మొదలుపెట్టండి. ముందు నీళ్లు ధారాళంగా పోసి దుమ్మంతా వదిలించాలి. మన దుమ్ములోని ఇసుక రేణువుల్లో క్వార్ట్జ్ ఉంటుంది; దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే పెయింటుపై గీతలు ఖాయం. తెల్ల వెనిగర్, నీరు సమంగా కలిపి, మెత్తని గుడ్డను అందులో ముంచి మరక మీద ఒకటి రెండు నిమిషాలు పరచండి. ఆరనివ్వకుండా మంచినీళ్లతో కడిగి తుడవండి. కావాలంటే మళ్లీ ఒకసారి చేయండి. మొదట బండిలో కనబడని మూల పరీక్షించుకోవడం మేలు. వాకిట్లో షాబాద్ బండలుంటే వెనిగర్ వాటి మీద పడకుండా చూడండి. అవీ సున్నపురాయే, మరకతో పాటు బండ కూడా కరుగుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం బండి దరికి రానీయకండి. దాన్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే విషవాయువైన క్లోరిన్ వస్తుంది.

వెనిగర్‌కు లొంగని మరకలూ ఉంటాయి. కాల్షియం సల్ఫేట్, సిలికా ఈ ఆమ్లానికి కరగవు. వాటిని పాలిష్‌తో అరగదీయాలి. రంగు మీద కాపలాగా ఉండే క్లియర్ కోట్ మందం సాధారణంగా 50 మైక్రాన్లు అటూ ఇటూ, అంటే వెంట్రుక కంటే పలుచన. ప్రతి పాలిష్ దాన్ని కొంచెం తింటుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండకు కాగిన బానెట్ మీద నీళ్లు పదేపదే ఆరితే ఆ పొరలోనే సన్నని గుంతలు పడతాయి. కరిగించడానికి అక్కడ ఏమీ ఉండదు, పాలిష్ పనివారికి చూపించాల్సిందే.

ఆర్ఓ యంత్రం వదిలే నీటితో కారు కడగమని చాలామంది చెబుతారు. నీటి పొదుపుగా మంచి ఆలోచనే కానీ, వడపోతలో ఆగిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే. మొదటి కడుగుడుకు వాడుకోండి. చివర ఒక్క బకెట్ మంచినీళ్లు, లేదా మొదటి జల్లు వదిలేసి పట్టిన వాన నీళ్లు పోయండి. ఆ తర్వాత చుక్క ఆరేలోపే మైక్రోఫైబర్ గుడ్డతో బండి మొత్తం తుడిచేయండి. అలా చేసిన ఇంట్లో వెనిగర్ సీసాతో అవసరం చాలా అరుదు.